మోటర్ మూలుగు లాంటి పాట: ఓషియానిక్‌తో నా ఆరు నెలలు

ముందే చెప్తున్నా, నాకు సంగీతం గురించి పెద్దగా తెలియదు. కొల్లాపూర్‌లో నాది మోటర్ వైండింగ్ షాపు. కాలిపోయిన మోటర్ విప్పడం, పాత తీగ పీకేయడం, కొత్తది చుట్టడం, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. షాపులో పొద్దంతా ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది, పాత సినిమా పాటలు, శ్రావణంలో భజనలు, ఎలక్షన్లప్పుడు పార్టీ పాటలు. అదంతా ఫ్యాను చప్పుడు లాంటిదే, ఆగిపోతే తప్ప ఉందని తెలియదు. అట్లాంటి నేను అమెరికాలో ఎప్పుడో 2002లో వచ్చిన ఓషియానిక్ అనే మెటల్ ఆల్బమ్ (మెటల్ అంటే బరువైన గిటార్ల గోల సంగీతం) గురించి ఇంత రాయడానికి కూర్చున్నానంటే నాకే నవ్వొస్తోంది. కానీ ఆ గంట మోత నన్ను ఆరు నెలలు పట్టుకుని వదల్లేదు, మంచికీ చెడుకీ రెండింటికీ, అందుకే రాస్తున్నా.

2023 డిసెంబర్‌లో మొదలైంది. మా మేనత్త కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, బీటెక్‌లో ఉన్నప్పుడు గిటార్ నేర్చుకున్నాడు, అప్పట్నుంచి జుట్టు పెంచాడు, మా అత్తకు అదొక బాధ. పెళ్లికని వచ్చి రెండు రోజులు నా షాపులోనే కూర్చున్నాడు. అప్పుడే ఒక రైతు మోటర్ తెచ్చాడు, నడుస్తలేదు చూడమని. లైనుకు పెట్టి స్టార్టర్ నొక్కాను. తిరగలేదు, మూలిగింది.

ఈ పని తెలియనివాళ్లకు ఆ మూలుగేంటో చెప్పాలి. మూడు ఫేజుల మోటర్‌కు ఒక ఫేజు అందకపోతే అది తిరగదు, అట్లాగని ఊరికే ఉండదు. లోపల కరెంటు పారుతూనే ఉంటుంది, తిరగాలని గింజుకుంటుంది, తిరగలేదు, ఆ గింజులాటంతా ఒక ఊఁ అనే శబ్దమైపోతుంది. చెవి కంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది. వెంటనే ఆపకపోతే ఎంతోసేపు పట్టదు, తీగ కాలిన వాసన వచ్చేస్తుంది. మా దగ్గర రైతులు సింగిల్ ఫేజ్ అయ్యి కాలిపోయింది అంటారే, అదే ఇది. ఆ రోజు చూస్తే తప్పు మోటర్‌ది కూడా కాదు, నా బోర్డులోనే ఒక ఫ్యూజు పోయి ఉంది.

"ఆపకు బావా, ఇంకోసారి పెట్టు" అన్నాడు వాడు.

"పిచ్చా నీకు? కాలిపోతది."

"ఇదే సౌండుతో గంట సేపు పాటలున్నయి, వింటవా మరి?"

అట్లా నా ఫోన్‌లోకి వచ్చింది ఓషియానిక్. బ్యాండు పేరు ఐసిస్. ఈజిప్టు దేవత పేరు అది, కానీ ఇప్పుడు ఆ పేరు వింటే ఎవరికి దేవత గుర్తొస్తుంది? ఒకసారి ఫోన్ కౌంటర్ మీద పెట్టి లోపలికి పోతే, మోటర్ కోసం వచ్చిన ఒకాయన స్క్రీన్ మీద ఆ పేరు చూసి నన్ను వేరేగా చూడటం మొదలుపెట్టాడు. పాటల బ్యాండే అన్నా అని వినిపించాను. విన్నాక ఆయన అనుమానం ఇంకా పెరిగింది. ఆ బ్యాండువాళ్లు 1997లో బోస్టన్‌లో మొదలుపెట్టి 2010లోనే ఆపేశారు, ఆ ఉగ్రవాదుల పేరు ప్రపంచమంతా మోగకముందే. 2018లో చనిపోయిన ఒక స్నేహితుడి కుటుంబం కోసం ఒక్కసారి మళ్లీ కలిసి వాయించినప్పుడు పాత పేరు వాడకుండా, తమ మొదటి ఆల్బమ్ పేరు సెలెస్టియల్ అని పెట్టుకున్నారట. మన పేరు మన తప్పేమీ లేకుండానే పాడైపోవడం ఎట్లా ఉంటుందో!

మొదటిసారి వినడం గురించి నిజం చెప్తా. రాత్రి భోజనం అయ్యాక మంచం మీద పడుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదటి పాటే ఎనిమిది నిమిషాలు. ఒక మనిషి అరుస్తున్నాడు, పాడటం కాదు, అరవడమే, బోరు గుంతలో పడ్డవాడు పైకి అరిచినట్టు. వెనక గిటార్లు గోడలా నిలబడి ఉన్నాయి. నాకేమీ అర్థం కాలేదు, ఇంగ్లీషని కాదు, ఇంగ్లీషువాళ్లకు కూడా ఆ అరుపులో మాటలు తెలియవట. మూడో పాట మధ్యలో తలనొప్పి వచ్చి తీసేశాను. ఇయర్‌ఫోన్స్‌లోంచి బయటికి వచ్చిన చప్పుడుకే మా ఆమె పక్కకు తిరిగి "ఏందయ్యా గది, ఎవరినో గొంతు పిసుకుతున్నట్టున్నది" అంది. నేనూ అదే అనుకుంటున్నా అన్నాను.

వాడికి ఫోన్ చేసి తిట్టాను. వాడు నవ్వి రెండు మాటలు చెప్పాడు. ఒకటి, ముక్కలు ముక్కలుగా వినకు, తొమ్మిది పాటలూ వరసగా విను, గంటకు మూడు నిమిషాలు ఎక్కువ, అంతే. రెండోది, పాట ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందని ఎదురుచూడకు, పని చేసుకుంటూ ఉండు, అదే వస్తుంది.

పని చేసుకుంటూ వినడం నాకు సులువే కదా. యాసంగి నాట్లు మొదలయ్యే రోజులు, బోర్ల మోటర్లు వరసపెట్టి వస్తున్నాయి. సబ్మర్సిబుల్ మోటర్ చుట్టడమంటే, తీగను ఒక్కో స్లాట్‌లోంచి, అంటే మోటర్ లోపలి గాడిలోంచి, సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించి లాగాలి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మామూలు మోటర్‌లో లాగా కాయిల్ చుట్టి లోపలికి దూర్చేస్తే కుదరదు. పాత తీగ పీకేటప్పుడే ఒక్కో స్లాట్‌లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటాం, కొత్తది సరిగ్గా అన్నే చుట్టాలి. లెక్క తప్పితే మోటర్ వేడెక్కి, నెల తిరక్కుండా మళ్లీ నా గుమ్మంలోనే ఉంటుంది, ఈసారి రైతు కోపంతో సహా. అందుకే చుట్టేటప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడను. సినిమా పాట పెట్టినా ఇబ్బందే, పాటతో పాటు నోరు కదులుతుంది, నోరు కదిలితే అంకె పోతుంది.

ఈ ఆల్బమ్‌తో అంకె పోలేదు. నాకు ఆశ్చర్యం అనిపించింది మొదట ఇదే. ఒకే తునకను వాళ్లు మళ్లీ మళ్లీ వాయిస్తారు, పది సార్లు, ఇరవై సార్లు, కొంచెం కొంచెం మారుస్తూ, ఒక డ్రమ్ము దెబ్బ ఎక్కువ, ఒక గిటారు తీగ ఎక్కువ. నేను చేసేదీ అదే. ఇటు లాగు, అటు లాగు, పదకొండు, పన్నెండు. మూడు నాలుగు రోజులు పోయాక చెయ్యి ఆ డ్రమ్ముతో పాటు పోవడం మొదలుపెట్టింది. పాట మధ్యలో గోలంతా తగ్గిపోయి ఒక్క గిటార్ మెల్లగా, నీటి చుక్కలు పడ్డట్టు మోగుతుంటే తీగ కూడా మెల్లగా లాగేవాణ్ని. ఏదో రాబోతోందని తెలిసేది. వచ్చేది. ఒక్కసారిగా అన్ని గిటార్లూ వచ్చి మీద పడేవి, భుజాల మీద ఎవరో బస్తా దించినట్టు, కానీ దించింది నా మీదకో నా మీద నుంచో మాత్రం తెలిసేది కాదు.

ఈ రకం సంగీతాన్ని అట్మాస్ఫెరిక్ స్లడ్జ్ మెటల్ అంటారని వాడు చెప్పాడు. స్లడ్జ్ అంటే మడ్డి. ఆ మాట వినగానే నాకు సగం అర్థమైపోయింది. పాడైన మోటర్ విప్పితే అడుగున చేతికి జిగటగా తగిలే నల్ల పదార్థం ఉంటుందే, నీళ్లూ ఇసుకా నూనే తుప్పూ కలిసింది, అదే. 1980ల చివర్లో అమెరికాలో కొందరు పంక్ పాటల కోపాన్ని తీసుకుని, దాన్ని వేగంగా కొట్టే బదులు కావాలని నెమ్మది చేశారు, తీగలు వదులు చేసి శృతి కిందికి దించారు. మెల్విన్స్ అనే బ్యాండు అందులో పాతది. ఓక్లాండ్‌లో న్యూరోసిస్ అనేవాళ్లు ఆ మడ్డికి నిశ్శబ్దాన్ని కలిపారు, ఉరుముకీ ఉరుముకీ మధ్య ఆకాశం లాగా. ఆ దారిలో వచ్చినవాళ్లే ఈ ఐసిస్.

ఇదంతా వాడు చెప్తుంటే ఊఁ కొట్టాను గానీ, ఒక సంగతి మాత్రం చెప్పగానే పని ఆపేశాను. ఈ బరువు శబ్దానికంతా మూలం ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన బ్లాక్ సబ్బాత్ అట. వాళ్ల గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే రోజు, ఆఖరి షిఫ్టులో, మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, తర్వాత్తర్వాత నొప్పి తెలియకుండా ఉండటానికి తీగలు వదులు చేసుకున్నాడు. శృతి కిందికి దిగింది అట్లా. నా చూపుడువేలు కొస కూడా సగం మొద్దుబారే ఉంటుంది, గ్రైండర్ తగిలి. వర్క్‌షాపులో పనిచేసే ఎవరికైనా ఈ కథ చెప్పి చూడండి, తన చెయ్యి చూసుకోకుండా వినలేడు.

సంక్రాంతి దాకా బాగానే నడిచింది. రోజూ ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు. ఏ పాట ఎక్కడుందో చెయ్యికే తెలిసేది. క్యారీ అనే నాలుగోది మొదలైతే టీ తాగే టైమ్ దగ్గర పడ్డట్టు. దాని తర్వాత రెండు నిమిషాల ముక్క ఒకటి, దానికి పేరే లేదు, పేరు బదులు ఒక గీత. తర్వాత మారిటైమ్, అరుపుల్లేని చిన్నది, ఊపిరి తీసుకోవడానికి పెట్టినట్టు. ఆ తర్వాత వెయిట్, అంటే బరువు. అది దాదాపు పదకొండు నిమిషాలు. దాని గురించే అసలు చెప్పాలి.

వెయిట్‌లో చాలాసేపు ఏమీ జరగదు. నీళ్లు నిండుతున్నట్టు శబ్దం మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది, ఎప్పుడు మోకాలి లోతు అయిందో ఎప్పుడు నడుము లోతు అయిందో తెలియదు. తర్వాత ఒక ఆడగొంతు వస్తుంది. అంత సేపు ఆ మగమనిషి అరుపులు విన్నాక ఆ గొంతు వస్తే, ఎండలో బండి మీద పోతూ పోతూ చెట్టు నీడలోకి వచ్చినట్టుంటుంది. మొదట్లో అంతే అనుకున్నాను. జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం ఆ గొంతు వచ్చేసరికి నా కళ్లలో నీళ్లున్నాయి. ఏమీ ఆలోచించట్లేదు, నిజంగా, స్లాట్‌లో తీగ లాగుతున్నాను. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న రైతు "ఏమైంది పటేలా" అన్నాడు. బయట పాత వైండింగ్ కాలుస్తున్నా కదా, ఆ పొగ అన్నాను. ఆ రోజు నిజంగా కాలుస్తున్నా కూడా, నా అదృష్టం.

అప్పుడు వాడికి ఫోన్ చేసి, ఇది దేని గురించిరా అని అడిగాను. అప్పటిదాకా అడగలేదు, వాడూ చెప్పలేదు. మొత్తం ఒకే కథట. ఒక మనిషి, లోపల ఏమీ మిగలనివాడు, ఒక ఆమెను ప్రేమిస్తాడు, ఆమె తనకు తెలియకుండా మోసం చేస్తోందని తెలుస్తుంది, ఆ మోసం మామూలుది కూడా కాదు, చివరికి వాడు నీళ్లలోకి పోయి మునిగిపోతాడు. పేరే సముద్రం కదా బావా, ఆల్బమంతా నీళ్లే, అన్నాడు వాడు.

ఆ ప్రేమ కథ నాకు అవసరం లేదు. కానీ మునగడం అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మాది మునక ఊరు. శ్రీశైలం ప్రాజెక్టు కింద పోయింది. 1981లో నీళ్లు వచ్చాయి. నేను పుట్టింది ఆ తర్వాత, ఊరు అవతల పెట్టిన కొత్త ప్లాట్లలో, కాబట్టి ఆ ఊరు నేను చూడలేదు. మా దగ్గర కృష్ణ ఒడ్డున అట్లా పోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. సోమశిలలో గుళ్లు పైకి తెచ్చి కట్టారు, జటప్రోలులో మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గుళ్లకు ఆ మర్యాద దొరికింది. ఇళ్లకు దొరకలేదు.

మా ఇంట్లో ఆ ఊరి మాట రాలేదని కాదు, రోజూ వచ్చేది, కాకపోతే కాగితాల రూపంలో వచ్చేది. ఎకరాకు ఎంత ఇచ్చారు, పక్కవాడికి ఎంత ఇచ్చారు, మన బావికి లెక్క కట్టారా లేదా, ఇవి. 1986లో జీవో 98 వచ్చింది, మునిగిన కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అని. మా నాయన ట్రంకు పెట్టెలో ఎర్ర తాడు కట్టిన ఒక కట్ట ఉంటుంది, అంతా దానికి సంబంధించినదే, దరఖాస్తులు, రశీదులు, రేపు రా అని తిప్పించుకున్న ఆఫీసుల తేదీలు. ఆయన వయసు దాటిపోయాక నా పేరు మీద పెట్టాడు. నా వయసూ దాటిపోయింది. ఉద్యోగం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, షాపు నన్ను బతికిస్తోంది. కానీ ఇన్నేళ్లలో మా నాయన నోట మా ఇల్లు ఇట్లా ఉండేదిరా అన్న ఒక్క మాట నేను వినలేదు. సర్వే నెంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

కథ తెలిశాక ఆల్బమ్ వినడం కష్టమైపోయింది. ఇంతకుముందు శబ్దంగా ఉన్నదంతా ఇప్పుడు నీళ్లైంది. ఫిబ్రవరిలో నిద్ర పట్టడం మానేసింది. రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాణ్ని, చెవుల్లో ఏమీ లేకపోయినా ఆ ఊఁ వినిపిస్తుండేది. ఫ్రిజ్ ఆపేశాను ఒక రాత్రి, అదేమోనని. పొద్దున్నే పాలు విరిగిపోయి మా ఆమెతో మాటలు పడ్డాను. ఇంట్లో ఊరికే చిరాకు, పిల్లల మీద అరవడం, టెన్షన్ ఎందుకో అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోవడం. ఆమెకు విసుగొచ్చి ఇయర్‌ఫోన్స్ తీసి బీరువాలో పెట్టింది. మంచి పనే చేసింది. దుఃఖపు పాటలు వింటే మనసు తేలికవుతుందని అందరూ అంటారు, నాకు మాత్రం ముందు బరువే ఎక్కింది, నెలన్నర దాకా దిగలేదు. శివరాత్రి, ఉగాది పోయేదాకా మళ్లీ ముట్టుకోలేదు.

మధ్యలో జరిగిన ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. ఫిబ్రవరిలోనే, బీరువాలోకి పోకముందు, మా నాయన మధ్యాహ్నం అన్నం తెచ్చాడు. నేను చుట్టుతూ వింటున్నా. "ఏం వింటున్నవ్ రా, పొద్దుమాపు అదే పెట్టుకుంటవంట" అన్నాడు. మా ఆమె చెప్పినట్టుంది. ఒక చెవిది తీసి ఆయన చెవిలో పెట్టాను, తీస్తాడులే అనుకుంటూ. తీయలేదు. కాసేపు విని "ఇసుక పట్టిన బోరు లెక్కున్నది" అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఆ బ్యాండు పేరు కూడా తెలియదు, ఒక్క మాటలో ఎంత సరిగ్గా చెప్పాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అన్నం గిన్నె విప్పుతూనే వింటున్నాడు. వెయిట్ వచ్చింది. ఆడగొంతు వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది.

"పిలుస్తున్నదా, ఏడుస్తున్నదా?"

"తెల్వదు నాయనా."

చెవిలోది తీసి కౌంటర్ మీద పెట్టి, పప్పులో ఉప్పు తక్కువైందని కోడలికి చెప్పు అని వెళ్లిపోయాడు. అంతే. దానికీ తర్వాత జరిగిందానికీ సంబంధం ఉందని నేననను.

ఆ ఏడు కృష్ణకు వరద సరిగ్గా రాలేదు, శ్రీశైలం నిండలేదు, 2024 వేసవికి నీళ్లు బాగా లోపలికి పోయాయి. మే నెలలో ఒక రోజు మా నాయన షాపుకు వచ్చి, బండి తియ్యి, ఏటికి పోయొద్దాం అన్నాడు. నీళ్లు తగ్గిన ప్రతిసారీ మా వాళ్లలో కొందరు పోయి పాత ఊరి గుర్తులు చూసి వస్తారని నాకు తెలుసు. మా నాయన మాత్రం ఎప్పుడూ పోలేదు, నన్నూ పోనివ్వలేదు. పొద్దున ఐదింటికి బయల్దేరాం. దారిలో ఇంకో ముసలాయన ఎక్కాడు, అదే ఊరాయన, వరసకు మా పెద్దనాయన. ముగ్గురం ఒక బండి మీద.

నేనేమో ఒక ప్లాన్ వేసుకున్నాను. బీరువాలోంచి ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టుకున్నా. ఆ ఒండ్రు మీద నిలబడి, నీళ్లు చూస్తూ, వెయిట్ వినాలి. వాడికి ముందు రోజే మెసేజ్ కూడా పెట్టాను. వాడైతే వీడియో తీసి పంపమన్నాడు.

బండి ఆపి నడవాల్సి వచ్చింది. నేల నెర్రెలు బారి పెంకు పెంకులుగా ఉంది, ఒక్కో పెంకు అరచేయంత మందం, అంచులు ఎండకు పైకి లేచి ఉన్నాయి, మీద కాలు పెడితే కుండ పగిలినట్టు చప్పుడు, కింద ఇంకా తడి. నెర్రెల మధ్యలో చచ్చిన గుల్లలు, ఒక నైలాన్ వల ముక్క, ఎవరిదో చెప్పు. మొదట రాళ్లే అనుకున్నాను. తర్వాత ఆ రాళ్లు వరసలో ఉన్నాయని తెలిసింది. వరసలు మూలలు తిరుగుతున్నాయని తెలిసింది. గోడలు. మోకాలెత్తు కూడా లేవు, ఎక్కువ చోట్ల చీలమండ ఎత్తే. మధ్యలో దారి. ఆ దారి మీదే ముసలోళ్లిద్దరూ నన్ను పట్టించుకోకుండా గబగబా నడుస్తున్నారు. అడుగు పెట్టాలంటే ఆలోచించాల్సిన నేల అది, వాళ్లకేమో రోజూ నడిచే వాడకట్టు లాగే ఉంది.

ఒక చోట ఇద్దరూ ఆగారు. నేలలో పాతిన రోలు ఒకటి, నోటి దాకా ఒండ్రు నిండి గట్టిపడిపోయి ఉంది. మా నాయన కింద కూర్చుని పుల్లతో గీకడం మొదలుపెట్టాడు. "మా అమ్మ ఇండ్ల కారం దంచేది" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు. వెంటనే పెద్దనాయన "అది మా రోలు రా" అన్నాడు. "మీది యాడుంది? మీ ఇల్లు చావడికి అవతల." "చావడి ఇటు కాదు, అటు." ఇంక మొదలైంది. గడప ఎటు ఉండేది, ఎద్దుల కొట్టం ఎవరిది, వేపచెట్టు ఎవరి గోడకు ఆనుకుని ఉండేది, పండక్కి ఎవరు ఎవరి గోడకు సున్నం వేయనివ్వలేదు. నలభై మూడేళ్లు నీళ్ల కింద ఉన్న గోడ గురించి, గెట్టు పంచాయితీ పెట్టినంత గట్టిగా అరుచుకుంటున్నారు ఇద్దరూ. మా నాయన అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి వచ్చాడు, పెద్దనాయన ఒప్పుకోలేదు, ఆయన లెక్కపెట్టాడు, ఇద్దరి లెక్కా కలవలేదు. నేను మధ్యలో ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే నాకు చాలా సంతోషంగా ఉంది. మా ఇంట్లో పొయ్యి ఏ మూల ఉండేదో, అటక మీద ఏం దాచేవాళ్లో, చిన్నప్పుడు మా నాయన ఏ గోడ దూకి పారిపోయేవాడో, అంతా ఆ అరుపుల్లోనే విన్నాను. పోట్లాట లేకపోతే ఒక్కటీ చెప్పేవాడు కాదు.

దూరంగా ఎల్లూరు వైపు కల్వకుర్తి లిఫ్టు ఉంది. మా ఊరిని ముంచిన నీళ్లనే ఇప్పుడు అక్కడి మోటర్లు పైకెత్తి పొలాలకు పంపుతున్నాయి, ఆ పొలాల్లోని బోర్ల మోటర్లు కాలితే నా షాపుకు వస్తాయి. అప్పుడప్పుడు ఇది తలచుకుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

ఇయర్‌ఫోన్స్ జేబులోంచి తీయలేదు. గుర్తు రాలేదని కాదు, గుర్తొచ్చింది, తీయబుద్ధి కాలేదు. అక్కడ గాలి ఉంది, రెండు గొంతులు అరుస్తున్నాయి, సరిపోయింది. వీడియో ఏది బావా అని వాడు మూడు సార్లు మెసేజ్ పెట్టాడు. నెట్‌వర్క్ లేదన్నాను.

వచ్చేటప్పుడు బండి మీద ఇద్దరూ మాట్లాడుకోలేదు. పెద్దనాయనను దించేటప్పుడు మాత్రం మా నాయన "అది మా రోలే" అన్నాడు. ఆయన వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపేశాడు.

తర్వాత వారం ఒక ఐదు హెచ్‌పీ మోటర్ వచ్చింది, అర్జెంటు అని. మొక్కజొన్న ఎండిపోతోంది, సాయంత్రానికి కావాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి వేశాను, బీరువాలోకి పోయాక వినడం అదే మొదటిసారి. భయపడ్డాను గానీ ఏమీ కాలేదు, చెయ్యి దారిలో పడింది, క్యారీకి టీ తాగాను, గీత పాట, మారిటైమ్. వెయిట్ మొదలైంది. ఇరవై రెండు, ఇరవై మూడు. నీళ్లు నిండుతున్నాయి. ఆడగొంతు వచ్చింది, ఆ వెనకే ఆ మగమనిషి అరుపు కలిసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు, ఎవరూ తగ్గకుండా, ఎవరి మాట వాళ్లదే. ఇన్ని నెలలు విన్నాను, ఇంతకుముందు నాకెప్పుడూ అది పోట్లాటలా వినిపించలేదు. నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వినట్టున్నాను, బయట కూర్చున్న రైతు తొంగి చూశాడు. అప్పుడు చేతిలో తీగ చూసుకుంటే ఇరవై ఆరో ఇరవై ఎనిమిదో గుర్తు లేదు. నోట్‌బుక్‌లో ఉన్నది ముప్పై నాలుగు. అందాజుగా వేసేయొచ్చు, వేస్తే వాడి మోటర్ జూలై దాటదు.

ఆ స్లాట్ మొత్తం విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.